ఇంకోచోట ఉందిగా అంటే సరిపోతుందా?

ఒక జీవి ఒక అడవిలో కనిపించకుండా పోయింది. అదే జీవి వేల కిలోమీటర్ల దూరంలో మరో అడవిలో బోలెడంత కనిపించింది. ఇప్పుడు మొదటి అడవిలో పోయినదాని గురించి మనం విచారించాలా, అక్కరలేదా? "ఇంకోచోట ఉందిగా, ఇక బెంగ దేనికి?" అనేవాళ్ళున్నారు. వినడానికి ఈ మాట సబబుగానే తోస్తుంది. కాని అది సరైన మాట కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో ఒక చిన్న జీవి కథ చెప్పి వివరిస్తాను. మీరు కూడా ఆలోచించి ఒక నిర్ణయానికి రండి.

ఆ జీవి పులీ కాదు, ఏనుగూ కాదు. ఉత్తర దేశాల చలి అడవుల్లో చెట్టు మానుకు అతుక్కొని బతికే ఒక లైకెన్.

లైకెన్ అంటే?

లైకెన్ అనే పేరు మీలో కొందరికి కొత్త కావచ్చు. కాని దానితో మీకు పరిచయం లేకపోలేదు. మీ పాఠశాల ప్రయోగశాలలో లిట్మస్ కాగితం ఉంటుంది కదా! ఆమ్లం తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలమవుతుంది. ఆ రంగును మొదట్లో లైకెన్ల నుంచే తీశారు. ఇంట్లో మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. పేరుకు పువ్వే గాని అది పువ్వు కాదు. ఆ మాటకొస్తే మొక్క కూడా కాదు.

మరి ఏమిటి? ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం చేస్తే ఏర్పడేదే లైకెన్. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, తేమను పట్టి ఉంచుతుంది. కాని తన ఆహారం తాను తయారు చేసుకోలేదు. శైవలం సూర్యకాంతితో ఆహారం తయారు చేస్తుంది. కాని ఎండకూ గాలికీ ఒంటరిగా తట్టుకోలేదు. ఒకరి లోటు మరొకరు తీర్చుకుంటారు. దీన్నే సహజీవనం అంటాం. లైకెన్ ఒక జీవి కాదు, రెండు జీవుల కలయిక అని 1867లో స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ చెప్పినప్పుడు ఆనాటి లైకెన్ శాస్త్రజ్ఞులు చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు అది పాఠ్యపుస్తకాల్లోకెక్కిన విషయం. ప్రపంచంలో సుమారు 20,000 రకాల లైకెన్లు ఉన్నాయి.

లైకెన్‌కు వేళ్ళు లేవు. ఆకుల మీద ఉండే మైనపు పూత కూడా దానికి లేదు. నీటినీ, లవణాలనూ వాన నుంచి, మంచు తుంపర నుంచి, గాలి నుంచి ఒళ్ళంతటితో పీల్చుకుంటుంది. గాలిలో మంచి ఉంటే మంచీ, విషం ఉంటే విషమూ నేరుగా లోపలికి పోతాయి. తలుపు వేసుకునే వీలు దానికి లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఉన్ని చర్మం గల లైకెన్

మన కథానాయకుడి శాస్త్రీయ నామం ఎరియోడెర్మా పెడిసెల్లేటమ్. గ్రీకు భాషలో ఎరియాన్ అంటే ఉన్ని, డెర్మా అంటే చర్మం. పైన సన్నని నూగు ఉండటం వల్ల ఉన్నిబట్ట ముక్కలాగా కనిపిస్తుంది. అందుకే ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో దీన్ని బోరియల్ ఫెల్ట్ లైకెన్ అంటారు. బోరియల్ అంటే ఉత్తరాది అని అర్థం. మనం ఉన్ని లైకెన్ అనుకుందాం.

ఇది సాధారణంగా కొద్ది సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఎండినప్పుడు బూడిద రంగు కలిసిన గోధుమ రంగు. తడిసిందా, పలకలాంటి నీలి ఛాయ వస్తుంది. అంచులు పైకి ముడుచుకొని తెల్లని అడుగుభాగం బయటికి కనిపిస్తుంది. పైన ఎర్రటి గోధుమ రంగులో చిన్న చిన్న గుండీల వంటివి ఉంటాయి. సిద్ధబీజాలు పుట్టేది వాటిలోనే.

దీనిలో శిలీంధ్రంతో కాపురం చేసేది నీలి ఆకుపచ్చ శైవలం. వీటినే ఇప్పుడు సయనోబాక్టీరియా అంటున్నారు. ఇది గాలిలోని నత్రజనిని కూడా పట్టగలదు. కాని ఒక ఇబ్బంది ఉంది. ఈ రకం లైకెన్లకు గాలిలోని నీటి ఆవిరి ఒక్కటే చాలదు. చినుకు పడో, మంచు తుంపర తగిలో ఒళ్ళు తడిస్తేనే అవి ఆహారం తయారు చేసుకోగలుగుతాయి. అందుకే ఉన్ని లైకెన్‌కు చల్లగా, తడితడిగా ఉండే చోటు కావాలి. కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్లాండ్ అనే పెద్ద దీవి ఉంది. అది పొగమంచుకు పెట్టింది పేరు. అక్కడ ఉత్తరం వైపు వాలిన కొండ చరియల మీద, బురద నేలల పక్కన, బాల్సమ్ ఫర్ అనే చెట్ల మానుల మీద ఇది పెరుగుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కొన్ని లైకెన్లు తమ ఒంటి నుంచి చిన్న పొడి రేణువుల్ని విడుస్తాయి. ఒక్కొక్క రేణువులో శిలీంధ్రమూ శైవలమూ రెండూ ఉంటాయి. అవి ఎక్కడ పడితే అక్కడ కొత్త లైకెన్ మొదలు కాగలదు. ఉన్ని లైకెన్‌కు ఆ సదుపాయం లేదు. అది శిలీంధ్రపు సిద్ధబీజాన్ని మాత్రమే గాలిలోకి వదులుతుంది. ఆ బీజం సరైన చెట్టు మీద పడాలి. అక్కడ తనకు తగిన శైవలం దొరకాలి. దొరక్కపోతే అంతే సంగతులు. ఫ్రులానియా అనే నాచు వంటి చిన్న మొక్క ఆకుల మడతల్లో నీరు నిలుస్తుంది. ఆ నీటిలో ఈ శైవలం కాపురముంటుంది. ఉన్ని లైకెన్ బీజాలకు జోడీ అక్కడే దొరుకుతోందని శాస్త్రజ్ఞులు గమనించారు. చూశారా! ఒక లైకెన్ బతకాలంటే ఒక చెట్టు, ఒక నాచు మొక్క, ఒక శైవలం, తడి గాలి, ఇన్నీ ఒక్కచోట కుదరాలి.

ఎక్కడెక్కడ ఉండేది? ఏమైంది?

ఈ లైకెన్ నమూనాను 1902లో కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రానికి చెందిన క్యాంపోబెల్లో దీవిలో సేకరించారు. 1911లో దానికి మొదటి శాస్త్రీయ నామం పెట్టారు. తరవాత అది నార్వే, స్వీడన్‌లలోనూ, కెనడాలో నోవాస్కోషియా, న్యూఫౌండ్లాండ్‌లలోనూ ఉన్నట్లు తెలిసింది. అంటే అట్లాంటిక్ మహాసముద్రానికి రెండు గట్ల మీదా దీని నివాసం ఉండేది.

ఇప్పుడు స్వీడన్‌లో లేదు. మొదట దొరికిన న్యూ బ్రన్స్‌విక్‌లో లేదు. నోవాస్కోషియాలో, న్యూ బ్రన్స్‌విక్‌లో కలిపి అంతకు ముందు 46 చోట్ల ఉన్నట్లు లెక్క తేలితే, 2002లో కెనడా నిపుణుల సంఘం పరిశీలించేనాటికి మూడే చోట్ల, అన్నీ కలిపి 13 మాత్రమే మిగిలాయి. ఆ సంఘం అక్కడి సమూహాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది. న్యూఫౌండ్లాండ్‌లో పరిస్థితి కొంత నయం. అక్కడ వేల సంఖ్యలో ఉండటం వల్ల ప్రత్యేకంగా కనిపెట్టి చూడవలసినదిగా మాత్రమే చెప్పింది.

2003లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో ఉన్ని లైకెన్‌ను అత్యంత ప్రమాదంలో ఉన్న జీవిగా చేర్చింది. ఆ జాబితాకు ఎక్కిన మొదటి రెండు లైకెన్లలో ఇది ఒకటి. పులులూ తిమింగలాలూ ఉన్న జాబితాలో చెట్టుకు అంటుకొని ఉండే ఈ చిన్న పేలికకూ చోటు దొరికింది.

ఇలా ఎందుకు జరిగింది? కారణం ఒకటి కాదు.

మొదటిది గాలి. బొగ్గు కాల్చినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్ పుడుతుంది. అది నీటితో కలిసి ఆమ్ల వర్షంగా కురుస్తుంది. పట్నపు పొగ లైకెన్లకు పడదని కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1866లోనే విలియం నైలాండర్ అనే శాస్త్రజ్ఞుడు పారిస్ తోటల్లో లైకెన్లను చూసి ఈ మాట అన్నాడు. నోవాస్కోషియాలో కర్మాగారాలు పెద్దగా లేకపోయినా, అమెరికా ఖండపు పారిశ్రామిక ప్రాంతాల పొగ గాలివాటున అక్కడికి చేరుతుంది. ఆమ్లం పడితే చెట్టు బెరడు మారిపోతుంది. నీలి ఆకుపచ్చ శైవలం దాన్ని ఓర్చుకోలేదు. పొగ పుట్టినది ఒక దేశంలో, లైకెన్ చచ్చినది మరో దేశంలో!

రెండవది గొడ్డలి. చెట్టు నరికితే దాని మీది లైకెన్ పోతుందని వేరే చెప్పాలా? కాని ఆ చెట్టును వదిలేసి చుట్టూ ఉన్నవి నరికినా చావు తప్పదు. ఎందుకంటే చుట్టూ చెట్లు లేకపోతే ఎండ, గాలి లోపలికి జొరబడి తేమ ఆరిపోతుంది.

మూడవది మూస్ అనే భారీ దుప్పి. న్యూఫౌండ్లాండ్‌లో ఈ జంతువు సహజంగా లేదు. మనుషులే తెచ్చారు. 1904లో నాలుగింటిని తెచ్చి వదిలారు. ఇప్పుడవి లక్ష దాకా ఉన్నాయి. వాటికి ఫర్ మొక్కలంటే మహా ఇష్టం. ముదురు చెట్టును అవి ఏమీ చెయ్యవు. లేత మొక్కల్ని మేసేస్తాయి. ఫర్ చెట్టు వందల ఏళ్ళు నిలిచే చెట్టు కాదు. పాత చెట్టు పడిపోయేలోగా లైకెన్ పక్క చెట్టు మీదికి చేరాలి. పక్కన పెరగవలసిన చెట్టును మూస్ మేసేస్తే ఎక్కడికి చేరుతుంది? ఇక పరాయి దేశాల నుంచి వచ్చిన ఒక రకం నత్తలు లైకెన్లనే కొరికి తింటున్నాయి. అది నాలుగో బెడద.

అలాస్కాలో దొరికింది!

కథ ఇక్కడ మలుపు తిరిగింది. ఉన్ని లైకెన్ అట్లాంటిక్ తీరపు జీవి అని అందరూ అనుకుంటూ ఉండగా, ఖండానికి అవతలి కొసన అలాస్కాలో, డెనాలి జాతీయ వనంలో అది కనిపించినట్లు 2009లో ప్రకటించారు. అక్కడ అది పెరుగుతున్నది ఫర్ మీద కాదు, స్ప్రూస్ చెట్ల మీద. ఒకటీ రెండూ కాదు, వేల సంఖ్యలో ఉంది. ఆ తరవాత రష్యా తూర్పు కొసన ఉన్న కమ్చట్కా ద్వీపకల్పంలోనూ ఉన్నట్లు తెలిసింది.

ఇది నిజంగా సంతోషించవలసిన వార్తే. కాని దీనితో పాటే మొదట చెప్పిన ప్రశ్న కూడా వచ్చింది. అలాస్కాలో అంత ఉన్నప్పుడు నోవాస్కోషియాలో నాలుగు పేలికల కోసం కలప కోత ఆపడం అవసరమా?

అవసరమే అంటాను నేను. నా కారణాలు ఇవి.

ఒకటి. అలాస్కాలో లైకెన్ 2009లో పుట్టలేదు. అది ఎప్పటినుంచో అక్కడే ఉంది. మనకు తెలియలేదు, అంతే. పెరిగింది లైకెన్ కాదు, మన ఎరుక. ఇలాంటిదే మన కడప జిల్లాలోనూ జరిగింది. 1900 తరవాత కనిపించకుండా పోయిన కలివికోడి 1986లో లంకమల ప్రాంతంలో మళ్ళీ కనిపించింది. అంతమాత్రాన దానికి ప్రమాదం తప్పిందని ఎవరన్నా అన్నారా? ఉన్న కాస్త చోటునూ కాపాడాలని అప్పుడే అందరికీ తట్టింది. దొరకడం వేరు, క్షేమంగా ఉండటం వేరు.

రెండు. అలాస్కా నుంచి నోవాస్కోషియాకు ఖండమంత దూరం. అలాస్కాలోని బీజాలు గాలిలో ఎగిరి వచ్చి ఇక్కడ మొలుస్తాయని ఆశ పెట్టుకోలేం. వచ్చినా వాటికి జోడీ శైవలం దొరకాలి, నాచు దొరకాలి, తడి గాలి దొరకాలి. ఆ ఏర్పాటంతా చెడిపోయాక లైకెన్‌ను విమానంలో తెచ్చినా అది దేని మీద బతుకుతుంది?

మూడు. వేరువేరు చోట్ల ఉండటమే ఒక జీవికి పెద్ద రక్ష. మన రైతులు మెట్టలో ఒకే పంట వెయ్యరు. జొన్నలో కంది కలుపుతారు. ఒకటి పోతే ఒకటైనా చేతికొస్తుందని. అలాస్కాలో పెద్ద కార్చిచ్చు రేగిందనుకోండి. వాతావరణం వేడెక్కి అక్కడి స్ప్రూస్ అడవులు ఎండిపోయాయనుకోండి. అప్పుడు అట్లాంటిక్ తీరపు సమూహమే దిక్కవుతుంది. దాన్ని ముందే పోగొట్టుకుంటే ఇక దిక్కేది?

నాలుగు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నోవాస్కోషియాలో లైకెన్ చచ్చిపోతోందంటే అది నోవాస్కోషియా గాలి గురించీ, అడవి గురించీ చెబుతున్న కబురు. జ్వరం వచ్చిన పిల్లవాడికి థర్మామీటరు పెడితే 103 చూపించింది. పక్క ఊళ్ళో పిల్లవాడికి 98 ఉందని మనం మందు మానేస్తామా? ఒకచోటి లెక్క ఇంకోచోటి జబ్బును మాన్పలేదు.

అవతలివాళ్ళ మాటా వినాలి

కలప కోత మీద బతికే కుటుంబాలు కెనడా తూర్పు తీరంలో ఎన్నో ఉన్నాయి. "మా పొట్ట కొట్టి లైకెన్‌ను బతికిస్తారా?" అని వాళ్ళు అడిగితే, ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యడం న్యాయం కాదు. అడవుల్లో కోత పూర్తిగా ఆపాలని నేను అనడం లేదు. ఉన్ని లైకెన్ అడవంతటా ఉండదు. తడి నేల పక్కన, ఉత్తరపు వాలున, పెద్ద చెట్ల మీద ఉంటుంది. కాబట్టి ఎక్కడ ఉండవచ్చో పటం మీద ముందే అంచనా వెయ్యవచ్చు. నోవాస్కోషియాలో శాస్త్రజ్ఞులు ఆ పని చేశారు కూడా. అలా వెతకడం వల్ల 2002 నాటికి తెలియని చోట్ల కూడా ఈ లైకెన్ బయటపడింది. కోతకు ముందు వెతకాలి. కనిపించిన చెట్టును ఒంటరిగా వదలకుండా చుట్టూ ఉన్న చెట్లతో సహా ఉంచాలి. మిగతాచోట కోసుకోవచ్చు. ఇది జరిగే పనే.

అయితే ఒక్క చెట్టుకు కంచె వేస్తే చాలదని కూడా మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. ఆ చెట్టు ఎప్పటికైనా పడిపోతుంది. దాని పక్కన నడివయసు చెట్టు, దాని పక్కన లేత మొక్క, ఇలా అన్ని వయసులవీ ఉంటేనే లైకెన్ ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి సాగుతుంది. అంటే కాపాడవలసింది ఒక్క లైకెన్‌ను కాదు, అది పుట్టి పెరిగే ఏర్పాటునంతటినీ.

కాపాడటం సాధ్యమా అని మీకు అనుమానం రావచ్చు. గాలి విషయమే తీసుకోండి. 1991లో కెనడా, అమెరికా దేశాలు గాలి కాలుష్యం మీద ఒప్పందం చేసుకున్నాయి. ఆ తరవాత రెండు దేశాల్లోనూ సల్ఫర్ డయాక్సైడ్ బాగా తగ్గింది. దశాబ్దాల తరబడి ఆమ్లం తాగిన నేల ఒక్కసారిగా కోలుకోదు. అయినా, దేశాలు తలచుకుంటే గాలి బాగుపడుతుందని రుజువైంది కదా!

మీరేం చేయవచ్చు?

కెనడా అడవికి మనం వెళ్ళి కాపలా కాయలేం. కాని లైకెన్లు మన దగ్గరా ఉన్నాయి. మన దేశంలో రెండు వేలకు పైగా రకాలు ఉన్నాయి. ఉత్తరాఖండ్‌లోని మున్సియారీలో 2020లో అక్కడి అటవీశాఖ లైకెన్ల కోసం ప్రత్యేకంగా ఒక వనాన్నే ఏర్పాటు చేసింది.

మీ ఊళ్ళో ముదురు మామిడి, చింత చెట్ల మానుల్ని ఒకసారి దగ్గరగా చూడండి. బూడిద రంగులోనో, లేత ఆకుపచ్చ రంగులోనో పల్చని మచ్చలు కనిపిస్తే అవి లైకెన్లు కావచ్చు. ఒక భూతద్దం పట్టుకెళ్ళండి. లారీలు తిరిగే రోడ్డు పక్క చెట్లు ఒక పది, ఊరికి దూరంగా తోటలోని చెట్లు ఒక పది ఎంచుకోండి. చెట్లు ఒకే రకానివి అయితే మేలు. ఎన్ని చెట్ల మీద లైకెన్లు ఉన్నాయి, ఎన్ని రంగులవి ఉన్నాయి అని నోటుపుస్తకంలో పట్టిక వేసుకోండి. ఏడాది తరవాత అవే చెట్లను మళ్ళీ చూడండి. ఒక్క షరతు: గోటితో గీకవద్దు, ఊడబెరకవద్దు. అంత మచ్చ పెరగడానికి ఎన్నో ఏళ్ళు పట్టి ఉంటుంది.

ఇలా మీరు వేసిన పట్టిక చిన్నదే కావచ్చు. కాని రోడ్డు పక్క చెట్ల మీద మచ్చలు తగ్గిపోతున్నాయని మీ పట్టిక చెబితే, ఎవరన్నా "అడవిలో బోలెడున్నాయిగా" అని తేల్చేస్తే ఒప్పుకోకండి. "మేం పీల్చేది అడవి గాలి కాదండీ, ఈ రోడ్డు పక్క గాలే" అని మర్యాదగా జవాబు చెప్పండి.